పట్టెడ లేని గజ్జెలు

కేతేపల్లి
11 అక్టోబర్ 2022

ఫోను వేలంపాటలో మా ఎడ్ల గజ్జెలు పాడుకున్న జడ్చర్ల బెంజమిన్ గారికి, కేతేపల్లి గురవయ్య రాసేది.

మీ క్షేమం అడగడం లేదు. ఆ వేలంపాట యాప్‌లో మీరు నన్ను దొంగ అని రాసినారు. దొంగ వచ్చి క్షేమం అడిగితే ఎవరికైనా దడ పుడుతుంది.

పార్సిలు మీద మీ అడ్రసు రాసింది నేనే కాబట్టి అది నా దగ్గర ఉన్నది. ఫోను చేయవచ్చు కదా అని మా కోడలు తిరుమల అన్నది. నాకు చెవులు సరిగా వినబడవు. మీరు ఫోనులో తిడితే వినబడక "మంచిది, మంచిది" అంటాను. అది నాకు ఇష్టం లేదు. ఆ యాప్‌లో జవాబు రాసుకోవడానికి ఒక డబ్బా ఉన్నది. అగ్గిపెట్టె అంత. దొంగ అనడానికి ఒక్క మాట చాలు. కాదు అని చెప్పాలంటే అగ్గిపెట్టె సరిపోదు. అందుకే కాగితం కొన్నాను. యాభై ఏళ్ళు దాటినాక పెద్దవాళ్ళ బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇవి. వంకరగా ఉంటే సర్దుకొని చదవండి.

నలభై ఏళ్ళు అంగట్లో ఎడ్ల బేరగాణ్ణి నేను. అమ్మేవానికీ కొనేవానికీ నడుమ నిలబడి, తువ్వాల కింద వేళ్ళు పట్టి ధర తెంపినవాణ్ణి. నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. దొంగ అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇరవై నాలుగు గజ్జెలు అని రాయించినాను. ఇరవై నాలుగు పంపినాను. లెక్కపెట్టుకోండి. మరి ఏం దొంగిలించినానో చెప్పండి.

గజ్జెలు అమ్మిన ఆ ఖాతా తిరుమలది. ఆమె హాలియా దాకా ఊళ్ళు తిరిగి, పాత ఇత్తడి, కొయ్య సామాను కొని, తోమి, ఫొటో తీసి పాటకు పెడుతుంది. అది పూర్తిగా ఆమె సొంత కష్టం. దాని మీద ఇదివరకే రెండు చెడ్డ గుర్తులు ఉన్నాయి. రెండూ నా పుణ్యమే. ఒక పట్నం ఆమె, రోలు తేలికగా ఉంటుందా అని అడిగింది. "మీరు ఎప్పుడన్నా పచ్చడి నూరినారా" అని రాయించినాను. ఇంకొకతను బిందె ఎంత పాతది అని అడిగినాడు. "నాకంటే చిన్నది, నీకంటే పెద్దది" అన్నాను. ఇద్దరూ అలిగినారు.

మూడో గుర్తు మీది. తొంభై రోజుల్లో మీరు ఆ మాట వెనక్కి తీసుకోకపోతే ఖాతా మూసేస్తారట. ముసలోడు కోడలి పని పోగొట్టినాడని ఊరు అంటుంది. అనడం కాదు, నిజంగానే పోతుంది.

కాబట్టి ఆ మాట తీసెయ్యండి. బతిమాలడం లేదు. చెపుతున్నాను.

ఇట్లు
గురవయ్య


జడ్చర్ల
19 అక్టోబర్ 2022

గురవయ్య గారికి, ఇరవై నాలుగు గజ్జెలను విడివిడిగా అందుకున్న బెంజమిన్ రాసేది.

మందుల కంపెనీలో ముప్పై ఒక్క సంవత్సరాలు తూకం దగ్గర పనిచేసి రిటైరైన వాణ్ణి. లెక్కపెట్టుకోమని నాకు చెప్పనక్కరలేదు. గజ్జెలు ఇరవై నాలుగే. ఒకటి మోరీలోకి దొర్లితే పార్సిలు తెచ్చిన నరేష్ చెయ్యి పెట్టి తీశాడు.

మీ ఫొటోలో ఉన్నదేమిటి? ఎర్ర అంచు తోలు పట్టెడ. దాని మీద వరసగా గజ్జెలు. నా ఇంటికి వచ్చినదేమిటి? చిల్లు పడిన లుంగీ మూట. వాడకట్టు వాళ్ళందరినీ పిలిచి వాళ్ళ ముందు విప్పాను, నా ఖర్మ. మా ఆవిడ గ్రేస్ ఒక గజ్జె చేతిలోకి తీసుకొని, "గివి ఎడ్లకు కట్టేటియా, నా కాళ్ళకు కట్టేటియా" అంది. అందరూ నవ్వారు. నా ఎడ్లకు చేతులు లేవు గురవయ్య గారూ, గజ్జెలు పట్టుకొని నడవడానికి.

రిటైరయ్యాక ఎడ్లజత కొన్నాను. చిన్నప్పటి నుంచీ కోరిక. మా తాత ఒకరి ఎడ్లు కాశాడే గానీ ఆయనకంటూ ఒక్క ఎద్దు లేదు. క్రిస్మస్ ముందు ఆదివారం చర్చి పిల్లలను బండిలో ఊరేగిస్తానని మాట ఇచ్చాను. అందుకే ఈ గజ్జెలు. పిల్లలు రోజూ వచ్చి "తాతా, పట్టెడ ఏదీ" అంటున్నారు. లుంగీ చూపించనా?

మీ కోడలి సంగతి చదివి బాధపడ్డాను. కానీ చూపించిన వస్తువు పంపకపోతే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి. పట్టెడ పంపండి. ఆ నిమిషమే మాట తీస్తాను.

బెంజమిన్


కేతేపల్లి
27 అక్టోబర్ 2022

బెంజమిన్ గారికి,

మీ ఉత్తరం తిరుమల నాకు రెండుసార్లు చదివి వినిపించింది. మొదటిసారి నవ్వుతూ చదివింది, అందుకని అర్థం కాలేదు.

మీరు మందుల మనిషి. మీకు తెలియదేమో. అంగట్లో ఎద్దును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన పలుపు తెచ్చుకొని ఎద్దు మెడకు వేసుకుంటాడు. అమ్మినవాడు తన పలుపు విప్పుకొని, భుజాన వేసుకొని ఇంటికి పోతాడు. ఎద్దు పోయినా కొట్టం కళ పోవద్దని. మా తాత అట్లనే చేసినాడు. మా బాపు అట్లనే చేసినాడు. పట్టెడ అంటే ఏమిటి? అదీ మెడకు కట్టేదే కదా. గజ్జెలు అమ్మినాను, పట్టెడ విప్పుకున్నాను. మీ పట్టెడ మీరు తెచ్చుకుంటారు అనుకున్నాను. ఇది దొంగతనం అయితే ఈ జిల్లాలో ఎడ్లు అమ్మిన ప్రతివాడూ జైల్లో ఉండాలి.

ఈ సంగతి ఫొటో కింద రాయవలసింది అని తిరుమల నా మీద కోపం చేసింది.

"మామా, ఎక్కడెక్కడోళ్ళో కొంటరు. వాళ్ళకు గిదంత ఎట్ల తెలుస్తది? రాయొద్దా?"

"అన్నం తినేటప్పుడు నోరు తెర్వాలె అని రాస్తమా బిడ్డా?"

ఆమె తల కొట్టుకొని లోపలికి పోయింది. తర్వాత ఆలోచించినాను. రాస్తే పోయేదే. ఇది మీకు చెపుతున్నాను గానీ ఆమెకు చెప్పలేదు.

పాత పట్టెడ మా బాపు చేతితో కుట్టినది. అది రాదు. కొత్తది నేనే కుడతాను. తోలు పని మా ఇంటి పని. తోలు కుట్టే ఆరె పట్టి పదిహేను ఏళ్ళు అయింది, అయినా వేలికి గుచ్చుకోకుండా కుట్టగలను. రెండు ఎడ్ల మెడల కొలత పంపండి. పైసలు వద్దు. ఆ మాట తీస్తే చాలు.

ఒక్క సంగతి అడుగుతాను. మీకు ఎడ్లు అమ్మినవాడు పలుపులు ఇచ్చినాడా? నిజం రాయండి.

గురవయ్య


జడ్చర్ల
5 నవంబర్ 2022

గురవయ్య గారికి,

పలుపులు ఇచ్చాడు. రెండూ కొత్తవి, పచ్చ రంగు నైలాన్‌వి. అడగకుండానే ఇచ్చాడు. అందరూ మీలాగా ఉండరు. పెద్ద మనసున్న వాళ్ళు కూడా ఉంటారు.

కొలతలు ఇవి. పెద్దదాని మెడ నలభై ఆరు అంగుళాలు. రెండోదాని మెడ ముప్పై. కొలుస్తుంటే అది టేపు నమిలింది కాబట్టి ఒక అంగుళం అటూ ఇటూ ఉండవచ్చు. దానికి మా ఊరి గడ్డి ఇంకా అలవాటు కాలేదు, ఈ మధ్య కొంచెం చిక్కింది.

పట్టెడలు అందగానే మాట తీస్తాను. ఎర్ర అంచు మరచిపోవద్దు.

బెంజమిన్


కేతేపల్లి
14 నవంబర్ 2022

బెంజమిన్ గారికి,

తోలు నానబెట్టినాను. మీ కొలత చదివి బయటికి తీసి ఆరేసినాను.

ఊరి గడ్డి పడకపోతే మెడ పదహారు అంగుళాలు చిక్కదు. మీ దగ్గర ఉన్నది ఒక ఎద్దు, ఒక దూడ. ఆ దూడ ఇంకా తల్లిని వెతుక్కునే వయసుది. నలభై ఏళ్ళు అంగట్లో ఉన్నాను. గుడ్డివాడు కూడా చేత్తో తడిమి ఇట్లాంటి జత కొనడు. మీరు ఎట్లా కొన్నారో నాకు సమజ్ కావడం లేదు.

ఇంకొకటి. పలుపు ఇచ్చినవానిది పెద్ద మనసు కాదు. ఆ ఎద్దు మళ్ళీ తన వాకిలి తొక్కవద్దు అని కోరుకున్న మనసు.

ఇదంతా నేను తిరుమలతో అంటుంటే ఆమె ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"మామా, మీరు ఉత్తరాలు రాసే పెద్దమనిషిని జూడుండ్రి. నాలుగు ఎర్ర గుర్తులున్నయి. పాట పాడుతడంట. మాల్ ఇంటికొచ్చినంక తగ్గించుమని బేరం జేస్తడంట. తగ్గియ్యకుంటే తీసుకోడంట."

"గీయనేనా నన్ను దొంగన్నది?"

"గీయనే."

ఒక మంచం, ఒక కుర్చీ, రెండు గొర్రు చెక్కలు. నాలుగు ఇండ్ల సామాను మీ గడప దాకా వచ్చి వెనక్కి తిరిగి పోయింది. అంగట్లో పాట పాడి మాట మార్చినవాడు మళ్ళీ వారం మొహం చూపించడు. మీరు ఎంత ధైర్యంగా నాకు తీర్పు చెప్పినారు.

ఎడ్లు ఎట్లా కొన్నారో చెప్పేదాక ఆరె ముట్టను.

గురవయ్య


జడ్చర్ల
20 నవంబర్ 2022

గురవయ్య అన్నకు,

ఈ ఉత్తరం తిరుమలమ్మ చేత చదివించవద్దు. ఎంతసేపు పట్టినా మీరే చదువుకోండి.

ఎడ్లను కూడా ఆ పాటలోనే కొన్నాను. రెండు ఫొటోలు పెట్టాడు. ఒక దానిలో ఎద్దు ఎడమ వైపు చూస్తుంది. ఒక దానిలో కుడి వైపు చూస్తుంది. రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. కవల పిల్లల్లాంటి జత అని మురిసిపోయాను. లారీ వచ్చి దింపాక తెలిసింది. రెండు ఫొటోలూ ఒకే ఎద్దువి. అటు నిలబడి ఒకటి, ఇటు నిలబడి ఒకటి తీశాడు. రెండోది ఈ దూడ. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. మూడు నెలలుగా స్విచ్ ఆఫ్.

కుర్చీలూ మంచాలూ తిప్పి తిప్పి చూసి వెనక్కి పంపేవాణ్ణి, ఎడ్లను మాత్రం చూడకుండా కొన్నాను. ఎందుకని అడగకండి. ఆ ఫొటో చూస్తే మా తాత గుర్తొచ్చాడు, వేలు దానంతటదే నొక్కింది. గ్రేస్‌తో రెండోది పొట్టి జాతి అని చెప్పాను. ముప్పై ఏళ్ళు దవాఖానలో నర్సుగా చేసిన మనిషి. "మంచిగుంది, జర పెద్దగయ్యే పొట్టి జాతి" అంది.

ఎర్ర గుర్తుల సంగతి. నేను చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పాట పాడటం అంటే నాకు నచ్చింది అని చెప్పడం. వస్తువు ఇంటికి వచ్చాక తిప్పి చూసి, గోటితో కొట్టి, అప్పుడు ధర మాట్లాడాలి. ఎక్కడైనా అంతే కదా. కుర్చీకి కొంచెం తగ్గించమంటే నరేష్, "సార్, నేను తెచ్చేటోణ్ణి, అమ్మేటోణ్ణి గాదు" అంటాడు. అమ్మేవాడు రాకపోవడం నా తప్పా?

అసలు బాధ ఇది. రెండింటినీ కాడికి కడితే పెద్దది రెండు అడుగులు వేసేలోపు చిన్నది నాలుగు వేస్తుంది, లేదా నిలబడిపోతుంది. బండి గుండ్రంగా తిరుగుతుంది. మొన్న చర్చి ముందు మూడు చుట్లు తిరిగింది. పాస్టరు గారు బయటికి వచ్చి, "బెంజమిన్, గిది గుడి గాదు" అన్నారు. క్రిస్మస్ ముందు ఆదివారానికి ఇంకా నాలుగు వారాలే ఉంది. పదిహేడు మంది పిల్లలు.

ఏం చేయమంటారో చెప్పండి.

బెంజమిన్


కేతేపల్లి
28 నవంబర్ 2022

తమ్ముడు బెంజమిన్‌కు గురవయ్య రాసేది.

నువ్వు చెప్పినట్టే ఒక్కణ్ణే చదువుకున్నాను. రెండు రోజులు పట్టింది. తిరుమల ఏమైందని అడిగితే కండ్లు మండుతున్నాయన్నాను. నవ్వి నవ్వి నిజంగానే మండినాయి.

దూడను కాడికి కట్టడం ఈ రోజే బంద్ చెయ్యి. మెడ పుండు అయితది. ఒంటెద్దు బండి చూసుకో. మీ దగ్గర సిమెంటు దుకాణాల కాడ కిరాయికి దొరుకుతాయి. పెద్దదాన్ని కట్టు. దాని ఫొటో రెండుసార్లు తీసినాడంటే అది మంచి ఎద్దే. దూడను బండి వెనక కట్టి నడిపించు. పిల్లలకు ఎద్దుకంటే దూడే ఇష్టం.

ఒకటే పట్టెడ కుట్టినాను, నలభై ఆరుకు. ఇరవై నాలుగు గజ్జెలూ దానికే పడతాయి. ఎర్ర అంచు వేసినాను. వేలికి రెండుసార్లు గుచ్చుకున్నది. దీన్ని పార్సిలు చేయను. నేనే తెస్తాను. ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు బస్సుకు వస్తాను. గజ్జెల చప్పుడు కొత్త అయితే ఎద్దు బెదురుతుంది, దాన్ని ముందే తిప్పాలి. నువ్వు తిప్పితే అది నీ మాట వినదు.

ఆ దొంగ మాట కోసం వస్తున్నానని అనుకోకు. ఎద్దు కోసం వస్తున్నాను. మాట మాత్రం తీసెయ్యి, గడువు దగ్గరికి వచ్చింది.

అన్నం మెత్తగా వండమని మరదలికి చెప్పు. నోట్లో పండ్లు లేవు.

గురవయ్య


జడ్చర్ల
28 డిసెంబర్ 2022

గురవయ్య అన్నకు,

మీరు బస్సెక్కాక కూడా పిల్లలు "కేతేపల్లి తాత ఎప్పుడొస్తడు" అని అడుగుతూనే ఉన్నారు. బండి తిన్నగా రోడ్డు దాకా పోయి తిన్నగా వచ్చింది. పాస్టరు గారు పిల్లలకంటే ముందు ఎక్కి కూర్చున్నారు. దూడ మెడకు ఎవరో పిల్ల రిబ్బను కట్టింది, ఇంకా విప్పనివ్వడం లేదు. గ్రేస్ మీరు తిన్న ముద్దలు లెక్కపెట్టి, "పండ్లు లేకనే గింత తిన్నడు" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. కోపం తెచ్చుకోకండి, అది పొగడ్తే.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పోయిన రోజే ఆ మాట తీసేద్దామని ఫోను తెరిచాను. నా మాట కనబడలేదు. మూడు రోజులు వెతికాను. మా పక్కింటి శివకుమార్ బ్యాంకులో పనిచేస్తాడు, అతనికీ దొరకలేదు. కనబడితే కదా తీసేది. గడువు ఇంకా పదిహేను రోజులు కూడా లేదు. నేను తీయలేక తిరుమలమ్మ ఖాతా మూసేస్తే మీ ఇంటి వైపు ఎట్లా చూడను? ఆమెను అడిగి వెంటనే రాయండి.

బెంజమిన్


కేతేపల్లి
5 జనవరి 2023

తమ్ముడు బెంజమిన్‌కు,

అడిగినాను. తిరుమల చెంబు తోముతున్నది. తల ఎత్తలేదు.

"అది ఎప్పుడో కొట్టేసిండ్రు మామా. దీపావళి పోయినంక, నవంబర్ల."

"ఎవరు?"

"యాప్ వాళ్ళే. నాలుగు ఎర్ర గుర్తులున్న మనిషి ఏం రాసినా లెక్కలకు రాదంట. మనకు మెసేజ్ గూడ వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు ఉత్తరాలు రాసుడు బంద్ జేసి, మళ్ళ నా గిరాకీలకు జవాబులు చెప్పనీకొస్తరని. రెండు నెలల సంది ఒక్కరు గూడ అలగలే మామా. ఎట్ల నడుస్తున్నదో జూస్తలేరా?"

చూసినాను. నిజమే. మంచిగా నడుస్తున్నది.

ఆమె ఖాతాకు ఇంక ఏ డోకా లేదు. నువ్వు ఫికర్ చేయకు. తిరుమల నాకు ఇంత చాయ్ పోసి, ఇంక నిమ్మళంగా ఉండుమన్నది. ఉండలేకపోయినాను. నాలుగు రోజుల నుంచి ఇదే ఆలోచన. వాళ్ళు ఏమని తీర్పు చెప్పినారు? గురవయ్య దొంగ కాదు అని చెప్పలేదు. బెంజమిన్ మాటకు విలువ లేదు అని చెప్పినారు. నా మూటను విప్పి చూడనే లేదు. నిన్ను వాకిట్లో నుంచి వెళ్ళగొట్టినారు, అంతే. ఇట్లాంటి తీర్పు నాకు వద్దు. నా మంచితనం నీ చెడ్డ పేరు మీద నిలబడాల్నా?

నువ్వు నన్ను దొంగ అన్నది నలుగురిలో. కాదు అని చెప్పేది కూడా నలుగురిలోనే కావాలె. చెప్పాలంటే ముందు నీ మాటకు విలువ రావాలె. అందుకు దారి ఏమిటని తిరుమలను అడిగినాను. వరసగా ఐదు సామాన్లు పాడుకొని, బేరం చేయకుండా, తిప్పి పంపకుండా తీసుకుంటే ఎర్ర గుర్తులు పోతాయట.

పో. ఐదు పాడుకో. మా దగ్గరే పాడుకోవాలని లేదు. కానీ తిరుమల దగ్గర మంచి సామాను ఉన్నది. గోటితో కొట్టవద్దు. నరేష్‌తో వాదం పెట్టుకోవద్దు. ఐదు అయినాక రాయి.

గురవయ్య


జడ్చర్ల
21 మార్చి 2023

గురవయ్య అన్నకు,

అయిపోయింది.

ఒక మానిక, ఒక పీట, ఒక పప్పుగుత్తి, ఒక చిలుకకొయ్య, ఒక తాంబాళం. ఐదూ తిరుమలమ్మ దగ్గరే. మానిక పార్సిలు వచ్చినప్పుడు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. నరేష్ భయపడి, "సార్, పాణం మంచిగున్నదా" అని అడిగాడు. పీట ఒక కాలు పొట్టి. నోరు మూసుకున్నాను. కాలు కింద అట్టముక్క పెట్టుకున్నాను. చిలుకకొయ్యకు ఒక ముక్కు తక్కువ అని గ్రేస్ చూపించింది, నేను అటు చూడలేదు. నా జన్మలో ఇంత కష్టం మందుల కంపెనీలో కూడా పడలేదు.

తాంబాళం తీసుకున్న మరునాడు ఎర్ర గుర్తులు పోయాయి. ఆ డబ్బా తెరుచుకుంది. రాశాను. శివకుమార్ దిద్దుతానంటే వద్దన్నాను. ఇది రాశాను:

"కేతేపల్లి గురవయ్యను దొంగ అని రాసింది నేనే. అది తప్పు. ఇంత నిజాయితీ గల మనిషిని నేను చూడలేదు. నోరు మాత్రం మంచిది కాదు."

మూడు రోజులైంది. ఇంకా అక్కడే ఉంది. ఎవరూ కొట్టేయలేదు.

బెంజమిన్


కేతేపల్లి
30 మార్చి 2023

తమ్ముడు బెంజమిన్‌కు,

చూసినాను. తిరుమల పెద్దక్షరాలు చేసి చూపించింది. ఆఖరి మాట తీయమని నేను అడుగుతానని ఆమె ఎదురుచూసింది. అడగలేదు. ఇన్నేండ్లకు ఒకడు నా గురించి నిలబడి రాసినాడు. సగం రాసి సగం దాచితే అది సాక్ష్యం కాదు.

అమ్మినవాళ్ళు కూడా కొన్నవాని మీద నాలుగు మాటలు రాయాలట. నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. తిరుమల ఫోను నా చేతికి ఇచ్చి, "మీరే రాయుండ్రి మామా, ఈ ఒక్కసారే" అన్నది. అరగంట కూర్చున్నాను. నువ్వు నా తమ్ముడివి అయినావు కదా అని అబద్ధం రాయలేను. నువ్వు పడిన కష్టం చూసి తక్కువ కూడా రాయలేను. పీట కాలు పొట్టి అని నాకు ముందే తెలుసు, అదీ మనసులో గుచ్చుకున్నది. ఆఖరికి ఇట్లా రాసినాను. నీకు కోపం వస్తే రానీ.

"జడ్చర్ల బెంజమిన్ మాట మీద నిలబడే మనిషి. ఏ సామానైనా ధైర్యంగా పంపవచ్చు. ఎడ్లు అమ్మేవాళ్ళు మాత్రం ముందు నన్ను అడగాలె."

గురవయ్య